పన్నెండు కొట్టేదాకా

కిందటి వారం మా అమ్మాయి, అల్లుడు, ఇద్దరు మనవలు బెంగళూరు నుంచి వచ్చారు. ఉండేది రెండే రోజులు. శనివారం పొద్దున చార్మినార్, అక్కణ్నుంచి గోల్కొండ, సాయంత్రం బిర్లా మందిర్, చీకటి పడ్డాక ట్యాంక్‌బండ్. "అత్తయ్యా, మీరూ రావాల్సిందే" అని అల్లుడు పట్టుబట్టాడు. వెళ్లాను. గోల్కొండ మెట్లు నా మోకాళ్ల వల్ల కాలేదు. వాళ్లు ఎక్కి దిగేదాకా కిందే ఒక రాతి గట్టు మీద సంచులు, నీళ్ల సీసాలు పెట్టుకుని కూర్చున్నాను. తిరుగు దారిలో పిల్లలు కారులోనే నిద్రపోయారు. రోజంతా కలిసి తిరిగాం గానీ వాళ్లతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

రెండు రోజుల్లో ఊరంతా చూపించాలన్న ఆరాటం ప్రేమతో పుట్టిందే. తప్పు పట్టను. అయినా ఆదివారం పొద్దున నోరు విప్పి అడిగాను: "ఇవాళ ఒక్క చోటికే వెళ్దాం. ఆ చోటు నేను చెబుతాను."

పదకొండున్నరకల్లా సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు కూర్చున్నాం. దాంట్లో ఒక కమ్మరి సెకను సెకనుకూ సుత్తి వేస్తూనే ఉంటాడు. గంట కావస్తుంటే చిన్న తలుపు తెరుచుకుని బుల్లి మనిషి బయటికొచ్చి, ఎన్నయితే అన్నిసార్లు గంట కొట్టి వెళ్లిపోతాడు. పన్నెండు దెబ్బలూ వినాలని జనం మధ్యాహ్నానికే ఎక్కువగా చేరతారు.

అరగంట ఆగాలి. ఆగేటప్పుడే కదా మాటలు వచ్చేది!

"అమ్మమ్మా, చిన్నప్పుడు ఇక్కడికి వచ్చేదానివా?" అన్నాడు పెద్దవాడు. వాడికి పదేళ్లు. మ్యూజియం ఈ భవనంలోకి 1968లో మారిందనీ, అంతకుముందు దివాన్ దేవిడీలో ఉండేదనీ, అక్కడికి మా నాన్న వేలు పట్టుకుని వెళ్లాననీ చెప్పాను. నాన్న నుంచి మాట గౌలిగూడ ఇంటికీ, అక్కణ్నుంచి మా నాయనమ్మకీ మళ్లింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆవిడకు ఎనిమిదేళ్లు. మా ఇంట్లో ఆ వరదని తుగ్యానీ అనే అనేవాళ్లు. వాళ్ల నాన్న ఆవిడని భుజాల మీద ఎక్కించుకుని, రొమ్ము లోతు నీళ్లలో మిట్ట వైపు నడిచాడట.

"ఇందాక బ్రిడ్జి కింద చూశామే, ఆ కాసిని నీళ్లా?" అన్నాడు వాడు, నమ్మలేక. ఆ నీళ్లే వేలమందిని పొట్టన పెట్టుకున్నాయి. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ దెబ్బ తిన్నాకే ఇంజనీరు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. ఇవన్నీ చెబుతుండగానే బుల్లి మనిషి బయటికొచ్చాడు. హాలంతా నిశ్శబ్దం. చిన్నది వేళ్ల మీద పన్నెండూ లెక్కపెట్టింది.

అక్కడ కూర్చునే వీలు లేకపోతే ఈ కథ నా నోట వచ్చేది కాదు. నిలబడ్డ మోకాలికి నొప్పి తప్ప ఇంకేదీ గుర్తుకు రాదు. నా ఈడు ఆడవాళ్లం చాలామందిమి బయటికి వెళ్లే రోజు గొంతెండినా నీళ్లు తాగం, దారిలో మరుగుదొడ్డి దొరకదన్న భయంతో. ఊళ్లో చూడదగ్గ ప్రతి చోటా నీడన ఒక బల్ల, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే చాలు, ముసలివాళ్లు గడప దాటతారు. వాళ్ల వెంట ఊరి కథా బయటికొస్తుంది. కట్టడాలకు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇదెంత?

పిల్లలకూ ఒక మాట. సెలవులకు వచ్చినప్పుడు అమ్మానాన్నలను మీ వెంట తిప్పండి, సంతోషమే. ఒక్క పూట మాత్రం వాళ్ల వెంట మీరు నడవండి, వాళ్ల నడకతోనే.

"ఆ చెట్టు ఇంకా ఉందా?" అని ఆ ఆదివారం మ్యూజియం నుంచి బయటికొచ్చాక పెద్ద మనవడే అడిగాడు. ఉంది, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో. తీసుకెళ్లాను. మొదలు మీద చెయ్యి ఆనించి కొమ్మల్లోకి చాలాసేపు చూశాడు. తర్వాత చెల్లెల్ని దగ్గరికి లాక్కుని, "అమ్మమ్మ వాళ్ల నాయనమ్మ లేదూ, ఆవిడ చిన్నప్పుడు తుగ్యానీ వచ్చిందంట..." అని మొదలుపెట్టాడు.

నేను పక్కన నిలబడి విన్నాను. మోకాళ్ల సంగతి గుర్తే లేదు.