‘ఆగు’ అనేది ఎవరి మేలు కోసం? – 4

స్పెన్సర్ హేవుడ్ పేరు మనలో ఎంతమంది విన్నారు? మిసిసిపీ చేలల్లో చిన్నప్పుడే పత్తి ఏరిన నల్లపిల్లాడు. 1968 ఒలింపిక్స్‌లో అమెరికాకు బాస్కెట్‌బాల్ స్వర్ణం తెచ్చినవాడు. 1970లో సియాటిల్ జట్టు తీసుకుంటే ఎన్‌బీఏ అడ్డుపడింది. హైస్కూలు బ్యాచ్ బయటికొచ్చి నాలుగేళ్లు కాలేదట! దేశానికి పతకం తేవడానికి చాలిన వయసు, జీతం తీసుకోవడానికి చాల్లేదు.

1971లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఆడే హక్కు నిలబెట్టుకున్నాడు. లీగు దిగొచ్చింది, కానీ మెలిక పెట్టింది: ముందే రావాలంటే ఇంట్లో ఆర్థిక కష్టాలున్నాయని రుజువు చూపాలి. ఆట చూపిస్తే చాలదు, పేదరికం కూడా చూపించాలి. సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల ముందు నిలబడ్డ మనకు ఈ అవమానం కొత్తా?

ఆ షరతు 1976లో పోయింది. తర్వాత గార్నెట్, కోబీ, లెబ్రాన్ హైస్కూలు నుంచి నేరుగా వచ్చి లీగును ఏలారు. 2005లో మళ్లీ గేటు వేశారు: 19 నిండాలి, హైస్కూలు అయ్యి ఏడాది గడవాలి. పిల్లలు ఎదగాలి, చదవాలి అన్నారు. ఒక్క ఏడాదిలో ఏ డిగ్రీ వస్తుంది? ఆ ఏడాది ఆటకొచ్చిన టికెట్ల డబ్బు, టీవీ డబ్బు కాలేజీలకు. కోచ్‌కు లక్షల డాలర్లు. పిల్లాడికి స్కాలర్‌షిప్పు. తెల్లవాళ్లు ఎక్కువగా ఆడే బేస్‌బాల్‌లో మాత్రం హైస్కూలు పిల్లల్ని నేరుగా తీసుకుంటారు. అక్కడ చదువు గుర్తురాదా?

ఇప్పుడు కాలేజీలు ఆటగాళ్లకు డబ్బిస్తున్నాయి. దయతో కాదు, కేసులు మీద పడ్డాకే. ‘నీ మేలు కోసమే ఆగు’ అని ఎవరన్నా అంటే, మిత్రులారా, ఒక్కటే అడగండి: నేను ఆగితే లాభం ఎవరికి?

(ఇంకా ఉంది)