‘మనోడు దిగి క్లీన్ చేస్తాడు’ అన్నారా? ఆ మాటకు మీరు సరే అంటే ఏమవుతుంది?

బాలాపూర్ చుట్టుపక్కల, భూగర్భ డ్రైనేజీ ఇంకా రాని కాలనీలో మీ ఇల్లు ఉందనుకోండి. సెప్టిక్ ట్యాంక్ నిండింది. కరెంటు స్తంభం మీద కనిపించిన నంబర్‌కు ఫోన్ చేశారు. ట్యాంకర్ వచ్చి పైనున్న నీరంతా లాగేసింది. ‘‘అడుగున మడ్డి గట్టిపడింది సార్. మనోడు దిగి క్లీన్ చేస్తాడు, కొంచెం ఎక్స్‌ట్రా అవుతుంది’’ అన్నారు. మీరు సరే అన్నారు.

వినడానికి మామూలు మాటే. కానీ రక్షణ పరికరాలు లేకుండా ఆ మనిషి లోపలికి దిగితే అది నేరం. పని చెప్పినవారిగా ఆ బాధ్యత మీ మీదికీ రావచ్చు.

మెత్తటి మాట తప్పా?

అన్నిసార్లూ కాదు. ఒకప్పుడు ఈ పని చేసేవారిని పని పేరుతోనో, కులం పేరుతోనో పిలిచేవారు. ఇప్పుడు పారిశుద్ధ్య కార్మికులు అంటున్నాం, సఫాయన్న అంటున్నాం. అది మనిషికి ఇచ్చే మర్యాద. ఉండాల్సిందే. మనిషి పేరుతో పాటు పని పేరు కూడా మెత్తబడితేనే చిక్కు. ‘క్లీనింగ్’ అన్నప్పుడు విషవాయువు గుర్తుకు రాదు.

లెక్కలు ఎలా మారతాయి?

మాన్యువల్ స్కావెంజింగ్‌ను, అంటే పాకీ పనిని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. అందులో రెండు వేర్వేరు పేర్లున్నాయి. మనిషి మలాన్ని చేత్తో ఎత్తడం, మోయడం పాకీ పని. తగిన రక్షణ లేకుండా మురుగు కాలువను, సెప్టిక్ ట్యాంక్‌ను మనిషితో శుభ్రం చేయించడం ‘ప్రమాదకర శుభ్రత’. రక్షణ పరికరాలతో మలం ఎత్తేవారిని పాకీ పనివారిగా లెక్కించరు.

ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో 2021 పార్లమెంటు వర్షాకాల సమావేశాల్లో కనిపించింది. పాకీ పని వల్ల మరణాలేవీ నమోదు కాలేదని కేంద్రం చెప్పింది. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 941 మంది చనిపోయారనీ అదే సమావేశాల్లో చెప్పింది. చట్టంలోని నిర్వచనాల ప్రకారం రెండూ నిజమే. మొదటి వాక్యం ఒక్కటే విన్నవారికి మాత్రం ఆ 941 మంది కనపడరు.

ఆ సమావేశాలు జరుగుతుండగానే, ఆగస్టు మొదటి వారంలో, బాలాపూర్‌కు ఎంతో దూరం లేని ఎల్‌బీ నగర్ పరిధిలోని సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు.

చట్టం ఏం చెబుతోంది?

• ప్రమాదకర శుభ్రతకు మనిషిని నేరుగా గానీ, ఇతరుల ద్వారా గానీ పెట్టకూడదు. ఈ నిషేధం కాంట్రాక్టర్లకు, స్థానిక సంస్థలకే కాదు, వ్యక్తులకూ వర్తిస్తుంది.

• మొదటిసారి తప్పు చేస్తే 2 ఏళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే 5 ఏళ్లు, 5 లక్షల వరకు.

• మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షల పరిహారం ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది.

అందుకే కాగితం మీద ఏ మాట రాశారన్నది ముఖ్యం. ‘ప్రమాదవశాత్తు జారిపడ్డాడు’ అని రాస్తే, అతన్ని లోపలికి పంపిందెవరన్న ప్రశ్నే రాదు. ఆ కుటుంబం పరిహారం కోసం ముందుగా ఆ ఒక్క మాటతోనే పోరాడాలి.

మీరేం చేయాలి?

ట్యాంకర్‌ను పిలిచేటప్పుడే ‘‘ఎవరైనా లోపలికి దిగాల్సి వస్తుందా?’’ అని అడగండి. అవునంటే వద్దనండి. మడ్డి గట్టిపడితే నీళ్లు కొట్టి, కలియబెట్టి మళ్లీ మెషీన్‌తో లాగమనండి. జలమండలి హెల్ప్‌లైన్ 155313కి గానీ, 14420కి గానీ ఫోన్ చేయవచ్చు.

లోపల ఎవరైనా పడిపోతే కాపాడదామని వెంటనే దిగకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కుకు వాసన కూడా తెలియదు. కాపాడబోయినవారూ చనిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. ముందు 112కి ఫోన్ చేయండి.

కార్మికుణ్ని ‘అన్నా’ అని పిలవండి. అతను చేయబోయే పనిని మాత్రం దాని అసలు పేరుతోనే పిలవండి. ‘క్లీనింగ్‌కు ఎంత?’ అని కాకుండా ‘మనిషిని విషవాయువులోకి దింపడానికి ఎంత?’ అని అడగాల్సి వస్తే, బేరమాడటానికి ఎవరికీ నోరు రాదు.