జవాను ఇల్లాలికి పాలపంపు: మందు కింద లెక్కా, మురిపెం కింద లెక్కా?

మా ప్రసూతి వార్డుకు ఆళ్లగడ్డ, శిరివెళ్ల, చాగలమర్రి వైపు పల్లెల నుంచి వచ్చే తల్లుల్లో మిలిటరీవాళ్ల భార్యలు ఎప్పుడూ ఒకరో ఇద్దరో ఉంటారు. ఆయన ఎక్కడో సరిహద్దులో ఉంటాడు. ఏడో నెల రాగానే తల్లిదండ్రులు పిల్లను పురిటికి పుట్టింటికి తెచ్చుకుంటారు. క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు ఆమెకు మిలిటరీ ఆసుపత్రి నాలుగడుగుల దూరం. ఆళ్లగడ్డకు వచ్చాక అదే ఆసుపత్రి సికింద్రాబాదు తిరుమలగిరిలో, మూడు వందల కిలోమీటర్ల అవతల. నొప్పులు వస్తే అంత దూరం ఎవరు పోతారు? నంద్యాలకే వస్తారు.

అలా వచ్చిన ఒక అమ్మాయి గురించి చెప్పి మా అభిప్రాయం రాస్తాము. ఆమెకు తొలి కాన్పు. ముప్పై రెండో వారంలోనే నొప్పులు వచ్చాయి. బిడ్డ బరువు కిలోన్నర. అంత ముందుగా పుట్టిన బిడ్డకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ ఒకదాని వెంట ఒకటి కుదరవు. దాదాపు ముప్పై నాలుగు వారాలు నిండితేగాని ఆ నేర్పు రాదు. అంటే తల్లికి పాలు వస్తాయి గాని బిడ్డ తాగలేదు. ఆ పాలను పిండి, గొట్టం ద్వారానో ఉగ్గుగిన్నెతోనో పట్టాలి. నాలుగో రోజు తల్లిని ఇంటికి పంపేశాము, బిడ్డ మాత్రం శిశువుల వార్డులోనే ఉండిపోయింది. వాళ్ల ఊరు ఆళ్లగడ్డ దాటి ఇంకా లోపలికి. బస్సులో ఆళ్లగడ్డ నుంచి ఇక్కడికే గంట పడుతుంది.

మొదటి రోజు నుంచే ఆమెకు చేత్తో పిండడం నేర్పాము. ముర్రుపాలు చిక్కగా, చుక్కలు చుక్కలుగా వస్తాయి కాబట్టి అప్పుడు చేతిని మించిన సాధనం లేదు. యంత్రంలో ఆ కాసినీ గోడలకు అంటుకుపోతాయి. అయితే బిడ్డ నోరు తగలని రొమ్ములో పాలు నిలవాలంటే రాత్రి కూడా కలుపుకొని రోజుకు ఎనిమిది నుంచి పది సార్లు పిండాలి. ఒకసారికి ఇరవై నిమిషాలనుకున్నా రోజులో మూడు గంటల చాకిరీ. పచ్చి బాలింత చేతివేళ్లతో ఇన్నాళ్లు చేయగలదా? ఈ అమ్మాయి చేసింది. పదో రోజుకు వేళ్లు పట్టేశాయి, పాలు సగానికి తగ్గాయి. పైగా ఇంట్లో అవ్వ ఒప్పుకోలేదు. "బిడ్డ పోయిన తల్లి గదా పాలు పిండుకునేది, అపశకునం సిస్టరమ్మా" అని మాతోనే అన్నది. ఆమెను మేము తప్పు పట్టలేదు. ఆమె కాలంలో చూసింది అదే. శిశువుల వార్డులోకి తీసుకుపోయి, మనవడికి ఆ పాలే గొట్టంలో పోతున్నది చూపించాక మెత్తబడింది.

అప్పుడు వాళ్ల నాయన మందుల షాపుకు పోయి ఒక పంపు తెచ్చాడు. గాజు గిన్నెకు రబ్బరు బుడ్డి, సైకిలు హారను మాదిరి ఉంటుంది. చవక గనుక అందరూ అదే కొంటారు. దయచేసి కొనవద్దు. ఆ బుడ్డి లోపల పాలు చేరితే కడగడానికి దారి లేదు, క్రిములకు అది ఇల్లు. నెలలు నిండని బిడ్డకు ఆ పాలు పట్టడం ప్రమాదం. దాన్ని పక్కన పెట్టించి, విడదీసి కడిగి మరిగించుకునే చేతిపంపు కొనిపించాము. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. కరెంటుతో పనిచేసేవి వేలల్లో ఉంటాయి. పల్లెలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు గనుక చేతిపంపే మేలనుకున్నాము.

ఆమె భర్త ఫోనులో అడిగాడు: "మేడం, బిల్లు ఇక్కడ పెట్టుకుంటే ఇస్తారా?" డాక్టరు గారు చీటీ రాసి ఇచ్చారు. కొన్ని వారాలకు ఒక ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. అది పసిపిల్లల సామాను కింద వస్తుందట, చికిత్స కింద రాదట. మొత్తం పెద్దదేమీ కాదు. మమ్మల్ని బాధపెట్టింది ఆ లెక్క. అదే బిడ్డకు వేసిన గొట్టం చికిత్స, ఎక్కించిన సెలైను చికిత్స. ఆ గొట్టంలో పోయే పాలను తెచ్చేది మాత్రం సామానా?

ఈ ఆలోచన మిలిటరీ ఆఫీసులకే పరిమితం కాదు. ప్రైవేటు ఆరోగ్య బీమా పాలసీల్లో మినహాయించదగిన వస్తువులంటూ బీమా నియంత్రణ సంస్థ ఒక జాబితా ఇచ్చింది. అందులో మొట్టమొదటి రెండు పేర్లు బేబీ ఫుడ్, బేబీ యుటిలిటీస్. పాలడబ్బా, డైపరు అక్కడ ఉంటే మాకు అభ్యంతరం లేదు. నెలలు నిండని బిడ్డ తల్లి వాడే పంపును కూడా ఆ గంపలోనే వేస్తే మాత్రం అన్యాయం. తల్లిపాలు దొరికిన నెలతక్కువ బిడ్డలకు పేగులు కుళ్లే జబ్బు తక్కువగా వస్తుందని, రక్తంలో క్రిములు చేరడం కూడా తగ్గుతుందని వైద్యులందరూ ఒప్పుకున్నదే. ఆ జబ్బు ఒక్కటి వస్తే అయ్యే ఖర్చుతో ఎన్ని పంపులు కొనవచ్చో లెక్క వేయనక్కరలేదు.

అమెరికాలో కూడా మొదట ఇదే జరిగింది. 2010లో వచ్చిన ఆరోగ్య చట్టం మూలంగా 2012 నుంచి అక్కడి ప్రైవేటు బీమాలు తల్లులకు పంపు ఇవ్వవలసి వచ్చింది. సైనిక కుటుంబాల బీమా అయిన ట్రైకేరు ఆ చట్టం కిందికి రాలేదు. దేశమంతా ఇస్తున్నది సిపాయి భార్యకు లేదు. తల్లులు, వారి తరఫువారు అడగగా అడగగా 2014 డిసెంబరు 19న సంతకమైన రక్షణశాఖ చట్టంతో అది కూడా చేరింది. ఇప్పుడు డాక్టరు చీటీ ఉంటే ప్రతి కాన్పుకు చేతిపంపో కరెంటు పంపో ఇస్తారు. పాలివ్వడం నేర్పే సలహాదారు దగ్గరికి ఆరుసార్లు పోవచ్చు. దత్తత తీసుకుని పాలివ్వదలచిన తల్లికి కూడా ఆ హక్కు ఉంది. మన దేశం అంత డబ్బున్నది కాదు, ఒప్పుకుంటాము. కాని వాళ్లు మార్చింది ముందు లెక్కను, తరువాతే ఖర్చును.

మన దగ్గర కూడా దారి లేకపోలేదు. పెన్షను తీసుకున్న సైనికుల కోసం 2003 ఏప్రిల్ 1న ఇ.సి.హెచ్.ఎస్. పథకం మొదలైంది. పెన్షను అంటే ముసలివాళ్లనుకోకండి. పదిహేనేళ్ల సర్వీసుతో ముప్పై అయిదు దాటకుండానే ఇంటికి వచ్చే సిపాయిలు ఉన్నారు, వాళ్ల ఇళ్లలో ఇంకా కాన్పులు అవుతాయి. ఈ పథకంలో ఇంట్లో వాడుకునే వినికిడి యంత్రం, నిద్రలో ఊపిరికి సాయపడే సి-పాప్, ఆక్సిజన్ కాన్సెంట్రేటరు వంటివి డాక్టరు రాస్తే ఇచ్చే పద్ధతి ఉంది. ఆ వరుసలో పాలపంపును కూడా పేరు పెట్టి చేర్చాలి. సర్వీసులో ఉన్న జవాన్ల భార్యలకు మిలిటరీ ఆసుపత్రుల ద్వారా, పుట్టింటి దగ్గర కాన్పు అయినవారికి బిల్లు మీద ఇవ్వాలి. 2021లో మిలిటరీ పోలీసు విభాగంలోకి తొలి మహిళా జవాన్ల జట్టు వచ్చింది. 2023 నవంబరులో మహిళా జవాన్లకు కూడా ఆఫీసర్లతో సమానంగా ప్రసూతి సెలవుకు అనుమతి వచ్చింది. సెలవు అయిపోయి యూనిట్‌కు తిరిగి పోయే ఆ తల్లికి పంపు ఎంత అవసరమో చెప్పాలా!

అందరికీ ఇమ్మని మేము అడగడం లేదు. బిడ్డ రొమ్ము పట్టి చక్కగా తాగుతుంటే పంపు దండగ. కంపెనీల ప్రకటనలు చూసి సీమంతానికే పంపు కొనేవారిని చూస్తున్నాము, అది మాకు నచ్చదు. పాలడబ్బాల ప్రచారాన్ని 1992 చట్టంతో ఆపవలసి వచ్చిన దేశం మనది, ఆ పాఠం మరువకూడదు. నెలతక్కువ బిడ్డ, అంగిలి చీలిన బిడ్డ, శిశువుల వార్డులో ఉండిపోయిన బిడ్డ, ఉద్యోగానికి దూరం పోయే తల్లి: వీరికి మాత్రం డాక్టరు చీటీ మీద ఇవ్వాలి.

అంతవరకు ఏం చేయాలి? కాన్పుకు వచ్చేటప్పుడు డిపెండెంటు కార్డు నకలు వెంట తెచ్చుకోండి. బిడ్డ పుట్టగానే భర్త తన యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డరు వేయించాలి, అది లేనిదే బిడ్డ పేరు మీద ఏ కాగితమూ కదలదు. పంపు అవసరమైతే చీటీలో వట్టి పంపు అని కాక, బిడ్డ ఎన్ని వారాలకు పుట్టింది, బరువెంత, ఎందుకు రొమ్ము పట్టలేదు అన్నది రాయమని డాక్టరును అడగండి. బిల్లు అసలు కాగితం ఇచ్చి నకలు దగ్గర పెట్టుకోండి. మాజీ సైనికుల కుటుంబాలు కర్నూలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అర్జీ ఇవ్వవచ్చు. కాదన్నా అర్జీ ఇవ్వండి. నలభై మంది అడిగిన తరువాత నలభై ఒకటో తల్లికి అది కొత్త మాటగా వినబడదు.

పాలు తెచ్చేవారికి ఒక మాట. పిండిన పాలు ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచవచ్చు. బయట నాలుగు గంటలకు మించకూడదు, మన ఎండాకాలంలో ఆ గడువు కూడా లేదనుకోండి. మూత గట్టిగా ఉన్న స్టీలు గిన్నెను ఐసు పెట్టిన డబ్బాలో పెట్టి బస్సు ఎక్కండి. మిలిటరీ ఇళ్లలో చాలావరకు క్యాంటీన్ ఫ్రిజ్ ఉంటుంది, అందులో పెట్టడానికి పాలు పిండే సాధనమే ఉండదు.

మొదట చెప్పిన అమ్మాయి ఆ ఫ్రిజ్ నుంచే తెచ్చేది. పొద్దున ఏడు గంటలకు వాళ్ల నాయన చేతిలో స్టీలు క్యారియరు, మెడలో తువ్వాలుతో వార్డు గడప దగ్గర నిలబడేవాడు. బిడ్డ ఇరవై ఆరో రోజున రొమ్ము పట్టింది. ఇంటికి పోయేనాటికి బరువు రెండు కిలోలకు ఇంకా కొంచెం తక్కువే. ఆ బిల్లు మళ్లీ పెట్టమని వాళ్లాయనకు చెప్పాము. ఈసారి చీటీ మేమే దగ్గరుండి రాయించాము.