కర్రను పుట్టికి కట్టండి

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో గాలం వేయడమంటే ఒకప్పుడు గట్టు మీద కూర్చుని చేసే పనే. కుందూ ఒడ్డు, కె.సి. కాలువ గట్టు, ఊరి చెరువు కట్ట, అంతవరకే. శ్రీశైలం జలాశయం నిండి, దాని నీరు పోతిరెడ్డిపాడు, బానకచర్ల మీదుగా వెలుగోడుకు, గోరుకల్లుకు, అవుకుకు చేరడం మొదలైన తర్వాత సంగతి మారింది. లోతు నీరు వచ్చింది, పెద్ద చేప వచ్చింది. పుట్టి ఎక్కి లోనికి పోయి గాలం వేసేవారూ వచ్చారు. వలతో బతికే బెస్త కుటుంబాలవారే కాక, పొలం పనులు లేని రోజుల్లో నాలుగు చేపలకని పోయే రైతులు, కూలీలు, సెలవునాడు సరదాకు పోయే ఉద్యోగులు కూడా వీరిలో ఉన్నారు. పుట్టిలో గాలపు కర్రను ఎక్కడ పెట్టాలి, దేనికి కట్టాలి అన్న ప్రశ్న వీరందరిదీ. ఇది చిన్న విషయమని కొట్టివేయరాదు. జారిన కర్రను అందుకోబోయి మనిషి నీటిలో పడే ప్రమాదం ఇందులో ఉంది.

పుట్టి గుండ్రంగా ఉంటుంది. పడవకు ఉన్నట్లు దానికి ముందూ వెనుకా లేవు. గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుంది. కర్రను అంచు మీద ఆనించి, మొదలును కాలి కింద తొక్కిపెట్టి, ఎర గుచ్చడానికో బీడీ ముట్టించుకోవడానికో రెండు చేతులూ వాడుకోవడం చాలామందికి అలవాటు. వాలుగో కొర్రమీనో ఒక్క గుంజు గుంజితే తడిసిన కర్ర కాలి కింద నిలవదు.

అయితే కర్రలన్నీ చేపలే లాక్కుపోతున్నాయనుకుంటే పొరపాటు. శ్రీశైలం వెనుక జలాల అడుగున పాత ఊళ్లున్నాయి. 1981లో ఖాళీ చేయించిన ఊళ్ల మొండిగోడలు, చెట్ల మోళ్లు అక్కడ ఉన్నాయి. వేసవిలో నీరు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు అటు పోయి చూసినవారికి అడుగున ఏముంటుందో తెలుసు. మళ్లీ నీరు నిండేసరికి ఆ మాట మరచిపోతారు. గాలం ఒక మోడుకు తగులుకుంటుంది, గాలికి పుట్టి మాత్రం కదిలిపోతూనే ఉంటుంది. దారం బిగుస్తుంది, కర్ర వంగుతుంది. పెద్ద చేప పడిందని సంబరపడేలోగా కర్ర నీళ్లపాలవుతుంది. లాగింది చేప కాదు, ఎవరి తాతల ఇంటి గోడో.

వెదురు కర్ర పోతే కొంత నయం. కణుపుల మధ్య గాలి ఉన్నందువల్ల అది తేలుతుంది, తెడ్డు వేసి వెళ్లి తెచ్చుకోవచ్చు. ఇప్పుడు బజారులో కొంటున్న ఫైబర్ కర్రలు అలా కాదు. రీలు బరువుకు చూస్తుండగానే మునిగిపోతాయి. కూలి డబ్బు కూడబెట్టి కొన్న వస్తువు కళ్ల ముందే దిగిపోతుంటే చెయ్యి దానంతట అదే ముందుకు పోతుంది. పుట్టిలో ఉన్నది ఒక్కరే అయి, బరువంతా ఒకే అంచు మీద వేస్తే అది బోర్లా పడుతుంది. ఈత వచ్చుననే ధైర్యం అక్కడ చాలదు. లుంగీ కాళ్లకు, నైలాన్ దారం చేతులకు చుట్టుకుంటాయి.

మరి చేయవలసిందేమిటి? పెద్ద ఖర్చు లేని పనే. రీలుకు కాస్త పైన, చేతితో పట్టుకునే చోట కర్రకు గట్టి తాడు కట్టాలి. తాడు మూడు మూరలుంటే చాలు, అంతకు మించితే కాళ్లకు తగులుతుంది. దాన్ని పుట్టి లోపలి వెదురు బద్దకు కట్టాలి. ఎద్దును గుంజకు కట్టినప్పుడు వేసే ముడి, కొస లాగితే ఊడిపోయే ముడి, అదే వేయాలి. తాడు చివర మూత బిగించిన లీటరు ఖాళీ సీసా ఒకటి కట్టి ఉంచాలి. మోయలేని చేప పడినా, గాలం అడుగున తగులుకుని పుట్టి ఒరుగుతున్నా ముడి లాగి కర్రను వదిలేయవచ్చు. సీసా తేలుతూ కర్ర ఎక్కడ ఉన్నదో చూపిస్తుంది. ఈత నేర్చుకునే పిల్లవాడి నడుముకు బెండ్లు కట్టినట్లే ఇది కూడా.

కర్ర నిలబెట్టడానికి జానెడున్నర ప్లాస్టిక్ పైపు ముక్కను లోపలి బద్దకు రెండు చోట్ల కట్టి, కొద్దిగా బయటికి వాలేట్టు పెట్టుకోవాలి. ఫైబర్ పుట్టికి రంధ్రం పొడవరాదు, కట్టడమే మేలు. పైపు ఉన్నదని తాడు మానరాదు, గట్టిగా గుంజితే కర్ర పైపులోంచి ఎగిరి పోతుంది. కర్రను పైపులో పెట్టిన వెంటనే రీలు బిగువు సడలించాలి. అప్పుడు చేప దారం లాక్కుపోతుంది గాని కర్రను లాగదు.

కొందరు తాడును నడుముకో మణికట్టుకో కట్టుకుంటారు. దారాన్ని కాలి బొటనవేలికి చుట్టుకుని కునుకు తీసేవారూ లేకపోలేదు. ఇది తాడు లేకపోవడం కన్నా ప్రమాదం. కర్ర ఒక్కటే పోవలసిన చోట మనిషి కూడా దానితో పోతాడు.

చేప పిల్లకు ఈత నేర్పుతున్నారా అని పుట్టి నడిపే పెద్దలు మమ్మల్ని చూసి నవ్వవచ్చు. నీటి సంగతి వారికి తెలిసినంత మాకు తెలియదు. తెడ్డు చేజారితే ఏమవుతుందో తెలిసి దాన్ని పుట్టికి కట్టుకునే జాగ్రత్త వారిదే. ఆ జాగ్రత్తనే గాలపు కర్రకు కూడా తీసుకోవాలని మా మనవి.

మరి రెండు మాటలు. ఉరుము వినిపిస్తే కర్రలు పడుకోబెట్టి ఒడ్డుకు చేరాలి. కార్బన్ కర్రలో విద్యుత్తు ప్రవహిస్తుంది, తడిసిన వెదురునూ నమ్మరాదు. కాలువల మీదుగా పోయే కరెంటు తీగల కింద కర్ర ఎత్తడం ప్రాణాంతకం.

నీటిలో పోయిన కర్రతో కథ ముగియదు. దాని నైలాన్ దారం కుళ్లదు, ఏళ్ల తరబడి చేపలకు, కొంగలకు చుట్టుకుంటూనే ఉంటుంది. సముద్రాల్లో ఏటా ఇలా చేరే వేట సామగ్రి 6 లక్షల 40 వేల టన్నులని ఐక్యరాజ్యసమితి ఆహార, పర్యావరణ సంస్థల నివేదిక 2009లో అంచనా వేసింది. మన జలాశయం సముద్రమంత పెద్దది కాదు గనుక చెరుపు త్వరగా కనపడుతుంది.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ప్రమాద మరణానికి 5 లక్షల రూపాయల బీమా పెట్టారు. అది పేర్లు నమోదైన మత్స్యకారులకు. సరదాకు పుట్టి ఎక్కినవారి ఇంటికి ఆ డబ్బు రాదు. నమోదు చేసుకోని బెస్తవారు ముందు ఆ పని చూసుకోవాలి.

మత్స్యకార సహకార సంఘాల పెద్దలకు, మత్స్యశాఖవారికి ఒక విజ్ఞప్తి. ఆషాఢపు గాలి లేవకముందే వెలుగోడు, గోరుకల్లు, అవుకు గట్ల మీద ఒక్కో ఆదివారం ఈ ముడి వేసి చూపించండి. నోటితో చెబితే రాదు, తాడు చేతికిచ్చి వేయించాలి. ఇక పైపు ముక్కలంటారా, ప్రతి రైతు బోరు దగ్గరా పడే ఉన్నాయి.