నవ్వని యంత్రము

గతవారము మా అంగడికి సరకులకై వచ్చిన డిప్లొమా విద్యార్థి యొకడు, బియ్యపు మూటల చాటున నిలిచి, చేతిఫోనుతో ఆంగ్లమున మాటాడుచుండెను. ఎవరితో నాయనా యని యడుగగా సిగ్గుపడి, “ఎవరితోను గాదు మామా, యంత్రముతో” ననెను. తోరణగల్లు ఉక్కు కర్మాగారపు ఇంటర్వ్యూకు సిద్ధమగుచున్నాడట.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిననాటినుండి ఇట్టి సంభాషణ యంత్రములు వ్యాపించినవి. గూగుల్ వారి జెమినై 2024 నుండి తెలుగు, కన్నడములందును పలుకుచున్నది. “నీవు ఉద్యోగమిచ్చు అధికారివి, ఒక్కొక్క ప్రశ్నయే యడుగుము, నా తప్పులను చివర తెలుగున చెప్పుము” అని యాదేశించిన చాలును, అట్లే చేయును. పదిసారులు తడబడినను విసుగుకొనదు, నవ్వదు.

ఆ నవ్వకుండుటయే మన పిల్లలను దానికడకు లాగినదని నా యభిప్రాయము. వారికి భాషలు కొదువయా? ఇంట తెలుగు, బడిలో కన్నడము, కర్మాగారపు గేటువద్ద హిందీ. 1953 అక్టోబరు 1న బళ్ళారి సీమ మైసూరు రాష్ట్రమున చేరుటకు పూర్వమునుండియు మన యిండ్లలో రెండు భాషలు మామూలే. అయినను ఆంగ్లమనగానే గొంతు తడియారును. నలుగురు నవ్వుదురను భయము! ఆ భయము నేర్పినది పరాయివారు గారు. పెండ్లిండ్లలో అనంతపురపు చుట్టములు మన తెలుగును విని నవ్వుదురు. మనము మన పిల్లల తెలుగును విని నవ్వుదుము. నేనును నవ్వినవాడనే. భోజనమనుటకు ‘ఊట’ యనినందుకు నా మేనకోడలిని పదిమందిలో ఆటపట్టించితిని. ఆ పిల్ల నాటినుండి నాతో కన్నడముననే మాటాడుచున్నది.

యంత్రమునకును లోపములు గలవు. తెలియని దానిని తెలిసినట్లే చెప్పును. మన యాసను ఒక్కొక్కప్పుడు వేరొకటిగా వినును. ఆధారు సంఖ్య, బ్యాంకు వివరములు దానికి చెప్పరాదు. ఎదుటి మనిషి కనుబొమ ముడిచినపుడు మాట తప్పక నిలుచుట అది నేర్పజాలదు; అది మనుష్యుల నడుమనే అలవడవలెను. మన బళ్ళారి రాఘవ (1880–1946) తెలుగు, కన్నడ, ఆంగ్ల నాటకములందు నటించినది సభ యెదుటనే గదా.

కావున ఇంట ఫోనుతో అభ్యసించిన పిల్లలు ఆదివారము సాయంకాలము 5 గంటలకు మా అంగడి మిద్దెమీదికి రావలెను. తలకు ఐదు నిమిషములు, తోచిన భాషలో మాటాడవచ్చును. పెద్దలును రావచ్చును గాని, నవ్వువారికి తేనీరు లేదు. తొలుత ఆంగ్లమున మాటాడువాడను నేనే. మెట్రిక్కుతో ఆగిన నా ఆంగ్లమెట్టిదో మీరెఱుగుదురు. మేనకోడలికిని కబురు పంపితిని.