తల్లి చేపను విడిచిపెట్టండి



డబ్బు చెల్లించి పడవ ఎక్కి, ఎండలో నాలుగైదు గంటలు గాలము వేసి, తీరా పడిన మంచి చేపను తిరిగి నీళ్ళలో విడిచిపెట్టే మనుష్యులున్నారంటే మన పల్లెల్లో నమ్ముతారా? "వాళ్ళకు వేరే పనిలేదా?" అని నవ్వుతారు. అమెరికా దేశపు దక్షిణ కొసన, మూడు వైపుల సముద్రము గల ఫ్లోరిడా రాష్ట్రములో ఇది దినదినము జరిగే సంగతి. అక్కడ చేపల వేట కొందరికి బ్రతుకుతెరువు, అనేకులకు వినోదము. ఆ వినోదములో ఒక కట్టుబాటు ఉన్నది. అది మన కుటుంబాలకు కూడా పనికివచ్చే పాఠము.

అక్కడ చిన్న పడవలలో జనాన్ని వేటకు తీసుకొనిపోయే వానిని కెప్టెన్ అంటారు. కొందరికి ఇది పూర్తికాలపు పని కాదు. వారమంతా బడిలోనో, అగ్నిమాపక కేంద్రములోనో ఉద్యోగము చేసి, సెలవు దినాలలో పడవ నడుపుతారు. కాని లైసెన్సు మాత్రము సగము పనికి సగము లైసెన్సు కాదు. అమెరికా తీర రక్షకదళము ఎదుట 360 దినాల నీటి అనుభవము రుజువు చేయాలి. పరీక్ష రాయాలి. వైద్య పరీక్ష, మత్తు పదార్థాల పరీక్ష చేయించుకోవాలి. ఇంతా చేస్తే ఆ తొలి మెట్టు లైసెన్సుతో డబ్బిచ్చే ప్రయాణికులను ఆరుగురికి మించి ఎక్కించుకోకూడదు.

వీరి వేట నడిసముద్రములో కాదు. మడ చెట్ల వేళ్ళ మధ్య, నాచు పెరిగిన లోతు తక్కువ నీటిలో, ఆటుపోట్లు వచ్చిపోయే పాయలలో. అక్కడ పేరుపొందిన చేపలు రెండు: తోక దగ్గర నల్లని మచ్చ గల రెడ్‌ఫిష్, ప్రక్కన నల్లని గీత గల స్నూక్. ఒకీచోబీ వంటి మంచినీటి సరస్సులలోనైతే బాస్ అనే చేప.

ఇక ఆ కట్టుబాటు. ఫ్లోరిడాలో రెడ్‌ఫిష్ 18 అంగుళాలకు తక్కువైతే ఉంచుకోకూడదు. 27 అంగుళాలకు ఎక్కువైనా ఉంచుకోకూడదు. ఆ మధ్యదే ఇంటికి తీసుకొనిపోవచ్చు, అదికూడా వేట అనుమతించిన ప్రాంతాలలో, మనిషికి ఒక్కటి. స్నూక్‌కు పడమటి తీరములో 28 నుండి 33 అంగుళాలు. గుడ్లు పెట్టే వేసవి నెలలలో అదికూడా లేదు. మంచినీటి బాస్ దినానికి అయిదు పట్టవచ్చు గాని, వాటిలో 16 అంగుళాలు గాని అంతకు మించి గాని ఉన్నది ఒక్కటే ఉండాలి.

పిల్ల చేపను వదలమంటే మనకు అర్థమవుతుంది. పెద్ద దానిని ఎందుకు వదలాలి? రెడ్‌ఫిష్ నాలుగైదేండ్లు పాయలలో పెరిగి, ఈడు వచ్చాక పెద్ద నీటికి పోయి అక్కడి పెద్ద చేపలలో కలుస్తుంది. శరత్కాలములో ఆ గుంపులు పాయల ముఖద్వారాల దగ్గర చేరి లక్షల కొలది గుడ్లు పెడతాయి. అది 40 ఏండ్ల వరకు బ్రతకగలదు. స్నూక్ సంగతి మరీ ఆశ్చర్యము. అది మొదట మగ చేపగా ఉండి, పెరిగిన తరువాత ఆడ చేపగా మారుతుంది. కనుక పెద్ద స్నూక్‌లలో ఎక్కువ భాగము తల్లులే. మన గోదావరి, కృష్ణా ముఖద్వారాలలో దొరికే పండుగప్ప కూడా ఇటువంటిదే. పెద్ద చేపను చంపితే ఒక్క చేపతో పోదు. రాబోయే ఏండ్ల పంట పోతుంది.

ఈ పాఠము వారు నష్టపోయి నేర్చుకున్నారు. 1980ల తొలి సంవత్సరాలలో న్యూ ఆర్లియన్స్ పట్టణములో పాల్ ప్రుధోమ్ అనే పేరుగల వంటవాడు మసాలా పట్టించి, నల్లగా మాడేటట్లు కాల్చిన రెడ్‌ఫిష్ వంటకాన్ని ప్రసిద్ధి చేశాడు. దేశమంతటా భోజనశాలలు అదే అడిగాయి. పెద్ద వలలు మెక్సికో అఖాతములోని తల్లి గుంపులను చుట్టివేశాయి. 1980ల చివరికి ప్రభుత్వము తీరానికి దూరముగా ఉన్న కేంద్ర జలాలలో ఆ వేటను మూసివేయవలసి వచ్చింది. 2007లో అధ్యక్షుడు జార్జి బుష్ ఆ జలాలలో పట్టిన రెడ్‌ఫిష్ అమ్మకాన్ని ఆపవలెనని ఉత్తర్వు ఇచ్చాడు. చేపను కొరతకు తెచ్చినది వల ఒక్కటేనా? దాని వెనుక విస్తరి ముందు కూర్చున్నవారి రుచి ఉన్నది.

ఇప్పుడు ఆ కెప్టెన్ స్థితి ఆలోచించండి. డబ్బిచ్చి వచ్చిన మనిషి జీవితములో ఎన్నడూ పట్టనంత పెద్ద చేపను పట్టాడు. ఇంటికి తీసుకొనిపోతానంటాడు. చుట్టుపట్ల అధికారి పడవ లేదు. కాదంటే బహుమానము పోవచ్చు, వచ్చే నెల అతడు మరొకరి పడవ ఎక్కవచ్చు. అయినను "దీనిని వదలాలి" అని చెప్పవలసినవాడు కెప్టెనే. 2022 నుండి మరొక నియమము కూడా ఉన్నది: అద్దెకు తిప్పే ప్రయాణములో కెప్టెన్ తన కొరకు ఒక్క రెడ్‌ఫిష్ కూడా ఉంచుకోకూడదు. తాను దారి చూపిన చేపలో తనకు భాగము లేదు!

వదలడములో కూడా జాగ్రత్త ఉన్నది. పొడి చేతులతో పట్టుకుంటే చేప ఒంటిమీద జిగురు పొర ఊడి, రోగాలు తగులుతాయి. అందుచేత చేతులు తడుపుకుంటారు. బరువైన చేపను దవడ పట్టి వ్రేలాడదీయక, పొట్ట క్రింద చేయి పెడతారు. నీళ్ళలో నిలబెట్టి, తనంతట తాను ఈదిపోయేవరకు పట్టుకుంటారు. విసిరివేసిన చేప బ్రతకకపోవచ్చు. అది విడిచిపెట్టడము కాదు.

ఈ సంగతి చదివినప్పుడు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 6, 7 వచనాలు జ్ఞాపకము రాక మానవు. త్రోవలో పక్షిగూడు కనబడితే పిల్లలను తీసుకోవచ్చు గాని తల్లిని విడిచిపెట్టవలెనని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది. దేవుడు ఆహారము వద్దనలేదు. రేపటి మూలాన్ని నరకవద్దన్నాడు. ఆ ఆజ్ఞకు జతచేసిన వాగ్దానము చూడండి: మేలు కలుగుట, దీర్ఘాయుష్మంతులగుట. తలిదండ్రులను సన్మానించుమన్న ఆజ్ఞకు ఇచ్చిన వాగ్దానము కూడా ఇదే. చిన్న పక్షిగూటికి దేవుడు ఎంత గొప్ప స్థానమిచ్చాడో!

"మన ప్రభువు శిష్యుల వలను 153 గొప్ప చేపలతో నింపలేదా?" అని ఎవరైనా అడగవచ్చు. నింపాడు. రాత్రంతా కష్టపడి ఏమియు దొరకని ఆకలిగొన్నవారికి తానే ఇచ్చాడు. అయిదువేలమందికి రొట్టెలు పంచిన దినమున, ఏదియు వ్యర్థము కాకుండ మిగిలిన ముక్కలను ఏరించినవాడు కూడా ఆయనే. సమృద్ధి ఇచ్చే చేయి, వ్యర్థపరచవద్దనే నోరు ఒక్కరివే.

మన దగ్గర సంగతి చూద్దాము. గోదావరిలో పులస ఎప్పుడు దొరుకుతుంది? వరద నీటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి వచ్చినప్పుడు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న మాట మనకు గొప్ప. తొలకరి వానలకు చెరువు అలుగు మీదికి ఎదురెక్కే చేపలను గంపలతో పట్టడము పల్లెలలో పండుగ. వాటి పొట్టలో ఉన్నది వచ్చే ఏడాది చెరువు. మన తీరములో ఏటేటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు మరపడవల వేట నిలిపివేసేది కూడా ఈ కారణము చేతనే.

అయితే ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఫ్లోరిడాలో వినోదానికి వచ్చినవాడు చేపను వదిలితే పోయేది ఫోటో తరువాత వచ్చే కూర. మన గంగపుత్రుడు వదిలితే పోయేది ఆ పూట పిల్లల కూడు. కడుపునిండినవారు ఆయనకు నీతులు చెప్పడము న్యాయము కాదు. మొదట మారవలసినది కొనే చేయి. నిండు గుడ్ల చేపకే ఎక్కువ ధర ఇస్తామని మనమే అంటుంటే, పట్టేవాడు ఎందుకు వదులుతాడు? వేట నిలిచిన నెలలలో మన సంఘములోని వేటగాండ్ర ఇళ్ళలో పొయ్యి వెలిగిందా లేదా అని విచారించడము కూడా ఈ ఆజ్ఞలో భాగమే.

కనుక ఈ తొలకరిలో అలుగు దగ్గరికి పిల్లలను తీసుకొనిపోతే, కూరకు సరిపడ పట్టుకొని, నిండు గుడ్ల చేపను వారి చేతనే, చేతులు తడిపించి, చెరువులోనికి వదిలించండి. ఎందుకని అడుగుతారు. అప్పుడు పక్షిగూడు మాట చెప్పండి. తీసుకొనే అధికారము ఉండికూడా చేయి వెనుకకు తీసుకోవడము పిల్లలు తండ్రి దగ్గర, తల్లి దగ్గర చూచి నేర్చుకోవాలి.

కుటుంబ ప్రార్థనకు: ద్వితీయోపదేశకాండము 22:6, 7, యోహాను సువార్త 6:1–13. చదివిన తరువాత, మన ఇంటిలో రేపటి కొరకు విడిచిపెట్టవలసినది ఏదో ఒక్కొక్కరు చెప్పండి. వేటమీద ఆధారపడిన కుటుంబాల కొరకు ప్రార్థించండి.

ప్రభువు మీ ఇంటిని దీవించును గాక.