మోటారు ఉంటే మోసమేనా?

"బ్యాటరీతో నడిచేది సైకిల్ ఎలా అవుతుంది? అది చీటింగ్ కదా!" మన కాలేజీ సైక్లింగ్ బ్యాచ్‌లో ఈ-బైక్ మాట ఎత్తితే చాలు, వెంటనే వినిపించే డైలాగ్ ఇది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోడ్డు మీద ఈ-బైక్ చీటింగ్ కాదు. బతికున్న అగ్నిపర్వతాన్ని చూడ్డానికి వెళ్ళినప్పుడైతే అసలే కాదు. కాకపోతే ఆ మోటారు ఒక చోట ఆగాలి. ఎక్కడ ఆగాలన్నదే అసలు ప్రశ్న.

దీనికి నేను తీసుకుంటున్న ఉదాహరణ అమెరికాలోని హవాయి వాల్కనోస్ నేషనల్ పార్క్. కిలావెయా, మౌనా లోవా అనే రెండు అగ్నిపర్వతాలు అందులో ఉన్నాయి. 1916లో నేషనల్ పార్క్ అయింది, 1987లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. వీటిలో కిలావెయా అస్సలు నిద్రపోయే రకం కాదు. 2024 డిసెంబర్ 23న మొదలుపెట్టి 2025లో కూడా ఆగుతూ, మళ్ళీ ఎగజిమ్ముతూ వచ్చింది. కొన్నిసార్లు లావా 300 మీటర్ల పైకి లేచింది. ఇక్కడ ఈ-బైక్ అద్దెకు తీసుకుని, గైడ్ లేకుండా మన ఇష్టప్రకారం తిరిగే పద్ధతి ఉంది. బైక్, హెల్మెట్, మ్యాప్ చేతికిస్తారు. మిగతాది మన బాధ్యత.

నేను వెళ్ళలేదు. మా పెద్దమ్మ వెళ్ళింది. అరవై దాటింది, టీచర్‌గా రిటైరైంది. చిన్నప్పుడు హైస్కూల్‌కి సైకిల్ మీదే వెళ్ళేదట. మోకాళ్ళు అరిగాక మాత్రం మేడ మెట్లు ఎక్కడం కూడా తగ్గించేసింది. కాలిఫోర్నియాలో ఉన్న అన్నయ్య దగ్గరికి వెళ్ళినప్పుడు వాళ్ళు హవాయి ట్రిప్ వేశారు. అన్నయ్య కారు బుక్ చేద్దామంటే, పెద్దమ్మ అద్దె షాపు ముందు ఈ-బైక్ మీద రెండు రౌండ్లు కొట్టి "నాకు ఇదే కావాలి" అందట. ఆ రాత్రి ఫోన్లో నాతో అన్న మాట ఇది: "ఒరేయ్ నాన్నా, ఆవిరి మొహానికి కొట్టిందిరా. కారులో కూర్చుంటే ఫోటోలే మిగిలేవి."

ఆవిడ చెప్పిన ఆవిరి వహినెకాపు అనే చోట వస్తుంది. వాన నీళ్ళు నేలలోకి ఇంకి, లోపలున్న వేడి రాళ్ళని తాకి, ఆవిరై పగుళ్ళలోంచి పైకొస్తాయి. కారులో వెళ్ళినా అక్కడ దిగి చూడొచ్చు, కాదనను. కానీ కారులో వెళ్తే పార్క్ ఒక ప్లేలిస్ట్ అయిపోతుంది. స్టాప్, ఫోటో, నెక్స్ట్. కిలావెయా దగ్గర అసలు కథంతా రెండు స్టాపుల మధ్యలో ఉంటుంది. తడితడిగా, చెట్టంత ఎత్తు ఫెర్న్ మొక్కలు, ఓహియా చెట్లు ఉన్న అడవిలో వెళ్తుంటాం. కొద్ది కిలోమీటర్లు దాటగానే నల్లటి బూడిదరాళ్ళ మైదానం వచ్చేస్తుంది. 1959లో కిలావెయా ఇకి నుంచి లావా 580 మీటర్ల ఎత్తుకి చిమ్మినప్పుడు ఆ పక్క అడవిని రాళ్ళవాన కప్పేసింది. అడవి ఎక్కడ ఆగిందో, మళ్ళీ ఎక్కడ మొలుస్తోందో కంటికి కనపడాలంటే నెమ్మదిగా వెళ్ళాలి. గంధకం వాసన, గాలిలో మారే చలి, ఉన్నట్టుండి పడే జల్లు, ఇవేవీ అద్దాలు ఎత్తేసిన ఏసీ కారులోకి రావు.

మరి నడిచి వెళ్ళొచ్చుగా? కాళ్ళు బాగున్నవాళ్ళు తప్పకుండా నడవాలి. మోకాళ్ళు సహకరించని వాళ్ళకి మాత్రం రెండే దారులు మిగులుతున్నాయి, కారు లేదా ఇల్లు. మూడో దారి చూపించే యంత్రాన్ని మోసం అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. పైగా అక్కడ సాధారణంగా చెప్పే క్లాస్ వన్ బైక్‌లో తొక్కడం ఆపితే మోటారు కూడా ఆగిపోతుంది. గంటకి 20 మైళ్ళు, అంటే 32 కిలోమీటర్ల వేగం దాటితే అది సాయం చేయదు. కష్టం తగ్గుతుంది, మాయమైపోదు.

నమ్మకపోతే లెక్క వేద్దాం, మన ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్ చాలు. పార్కులో చైన్ ఆఫ్ క్రేటర్స్ అనే రోడ్డుంది. పైనుంచి సముద్రం దాకా దాదాపు 30 కిలోమీటర్లు, 1,100 మీటర్లకు పైగా దిగుతుంది. దిగడం జాలీ. తిరిగి ఎక్కాలిగా! మనిషి, బైక్ కలిపి 100 కిలోలు అనుకుంటే, ఎంజీహెచ్ ప్రకారం సుమారు 10.8 లక్షల జౌల్స్, అంటే 300 వాట్-అవర్స్ కావాలి. ఇది కేవలం ఎత్తు లెక్క. ఎదురుగాలి, టైర్ల రాపిడి, మోటారులో వేడిగా పోయేది దీని మీద అదనం. చాలా ఈ-బైక్‌ల బ్యాటరీ 500 వాట్-అవర్స్‌కి అటూ ఇటూ ఉంటుంది. అంటే "బ్యాటరీ ఉందిలే" అని కాళ్ళకి పని చెప్పకుండా కూర్చుంటే పైకి చేరేసరికి ఛార్జ్ ఉంటుందో లేదో. ఆ రోడ్డు మీద తిండి, తాగేనీళ్ళు, పెట్రోల్ ఏవీ దొరకవు. అన్నయ్య సముద్రం దాకా వెళ్ళి వచ్చాడు, కాళ్ళు బాగానే పట్టేశాయి. పెద్దమ్మ పైనే ఉండి క్రేటర్ అంచు రోడ్డుతో సరిపెట్టుకుంది. ఎవరి లెక్క వాళ్ళు వేసుకోవడమే గైడ్ లేకుండా తిరగడమంటే.

ఇంకో సంగతి. సీఎస్ వాళ్ళం కాబట్టి ఫోన్లో మ్యాప్ ఏం చెప్తే అదే నిజం అనుకుంటాం. ఆ సముద్రం రోడ్డు ఒకప్పుడు తీరం వెంబడి ఇంకా ముందుకి వెళ్ళేది. 1986లో లావా దాన్ని అడ్డంగా కప్పేసింది. 2018లో కిలావెయా శిఖరం కుంగినప్పుడు క్రేటర్ చుట్టూ తిరిగే రోడ్డులో కొంత ముక్క లోపలికి జారిపోయింది. అక్కడ లైవ్ సర్వర్ కొండే, మన మ్యాప్ పాత క్యాష్ మాత్రమే. విషవాయువులు ఎక్కువైనా, నేల పగిలినా దారులు మూసేస్తారు. గైడ్ పక్కన ఉంటే ఆయనే ఆపుతాడు. గైడ్ లేనప్పుడు బయల్దేరే ముందు పార్క్ వాళ్ళ హెచ్చరికలు చదవడం, మూసిన గేటు దగ్గర వెనక్కి తిరగడం మన పని.

ఇప్పుడు వ్యతిరేకించే వాళ్ళ మాట కూడా వినాలి. 2019 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం నేషనల్ పార్కుల్లో మామూలు సైకిళ్ళు వెళ్ళే చోట్లకి ఈ-బైక్‌లని కూడా అనుమతించేలా విధానం మార్చింది. పర్యావరణ సంస్థలు కోర్టుకెళ్ళాయి. పర్యావరణం మీద పడే ప్రభావాన్ని సరిగ్గా పరిశీలించలేదని 2022లో ఫెడరల్ కోర్టు ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. ఆ వాదనలో బలముంది. మోటారు సాయంతో జనం ఇంతకుముందు చేరలేని చోట్లకి, ఎక్కువమంది, ఎక్కువ వేగంగా చేరతారు. చప్పుడు లేని బండి వెనకనుంచి వస్తే నడిచేవాళ్ళకే తెలియదు, ఇక పక్షులకేం తెలుస్తుంది? అక్కడ ఒక అడవి బాతు ఉంది. పేరు 'నేనే'. జోక్ కాదు, నిజంగా అదే పేరు, హవాయి రాష్ట్రపక్షి. ఒకప్పుడు అడవిలో ముప్పై దాకా పడిపోయిన జాతి, ఎన్నో ఏళ్ళ శ్రమతో మళ్ళీ పెరుగుతోంది. రోడ్ల మీద బండ్ల కింద పడటం వాటికి ఇప్పటికీ పెద్ద ప్రమాదమే.

అందుకే నా గీత ఇది. కార్లు తిరిగే తారురోడ్డు మీద ఈ-బైక్ వస్తే కొండకి కొత్తగా నష్టం లేదు, ఒక కారు తగ్గితే లాభమే. నడక కోసం వేసిన బాటలోకి మాత్రం మోటారు రాకూడదు. కిలావెయా దగ్గర నడకదారుల్లో చాలావాటిలో సైకిళ్ళకే అనుమతి లేదు. అది అలాగే ఉండాలి, పెద్దమ్మ లాంటి వాళ్ళకోసం కూడా సడలించకూడదు. హవాయి మూలవాసులకి హాలెమాఉమాఉ క్రేటర్ పెలె అనే దేవత ఇల్లు. గుడి ప్రాకారంలో బండి తోలకూడదని మనకి ఎవరైనా బోర్డు పెట్టి చెప్పాలా? ఇదీ అంతే. పెద్దమ్మ కూడా బాట మొదట్లో బైక్‌కి తాళం వేసి, నడవగలిగినంత నడిచి, చాలనుకున్న చోట వెనక్కి వచ్చేసిందట.

ఆవిడ చెప్పిన ఇంకో మాట నన్ను వదలట్లేదు. అక్కడి నల్లరాయిని చూస్తే రాజమండ్రి పక్కన పంగిడి క్వారీల్లోని రాయి గుర్తొచ్చిందట. వెతికి చూస్తే ఆవిడ పోలిక కరెక్టే. పంగిడి రాయి కూడా లావాయే. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ పీఠభూమిని కప్పిన లావా పడమటి వైపు నుంచి వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి గోదావరి దాకా వచ్చిందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఆ రాయిని కంకర చేసి రోడ్లకి పోస్తూ, దాని మీదే బైకుల్లో తిరుగుతున్నాం. అది ఏమిటో గుర్తుపట్టడానికి పెద్దమ్మ అంత దూరం వెళ్ళి, కారు దిగి, నెమ్మదిగా చూడాల్సి వచ్చింది.

మనలో చాలామంది ఎంఎస్‌కి వెళ్తారు. తర్వాత అమ్మానాన్నలు వస్తారు, వాళ్ళకోసం ట్రిప్ ప్లాన్ చేస్తాం. అప్పుడు పెద్ద కారు బుక్ చేసి, వెనక సీట్లో కూర్చోబెట్టి, రోజుకి పది స్పాట్లు చూపించేయకండి. "సైకిల్ తొక్కుతావా అమ్మా?" అని ఒక్కసారి అడగండి. వాళ్ళు నవ్వి వద్దంటే వద్దు. కానీ మోకాళ్ళు నొప్పి కదా అని మనమే వాళ్ళ తరఫున వద్దనేయడం మాత్రం వద్దు.